పదో సంతకం

రిపెకా పుట్టేనాటికి మావోరీలం మేముండే వైపూనా లోయలో ఒక్క గుర్రం కూడా లేదు. ఆమెకు ఆరేళ్ళప్పుడు తాత ముప్ఫై పందుల్నీ, ఊరంతా కలిసి గీకి తీసిన నార మోపుల్నీ తీరంలో ఓడవాళ్ళకిచ్చి ఒక గోధుమరంగు ఆడగుర్రాన్ని నడిపించుకొచ్చాడు. ఊరు ఊరంతా దాని చుట్టూ మూగింది. అది మూతి విదిలిస్తే వెనక్కి దూకడం, తోక ఊపితే పకపకా నవ్వడం. రిపెకా మాత్రం తిన్నగా నడిచిపోయి దాని ముందుకాళ్ళ మధ్య నిలబడింది. తల్లి కెవ్వుమంది. గుర్రం తల వంచి, పిల్ల జుట్టు వాసన చూసి, ఊరుకుంది.

"ఇక దీన్ని పట్టుకోవడం మనవల్ల కాదు" అన్నాడు తాత. అన్నది గుర్రాన్నో మనవరాలినో ఎవరూ అడగలేదు.

పదిహేనేళ్ళు వచ్చేసరికి లోయలో ఏ గుర్రం మొండికేసినా రిపెకాని పిలిచేవాళ్ళు. కొండకింద సున్నపురాళ్ళ మధ్యనుంచి ఉబికే ఊట ఉంది, వైపూనా అన్న పేరు దానిదే. ఆ ఊట పక్కన చదునైన గడ్డినేల. తాత తెచ్చిన గుర్రం పిల్లలూ, ఆ పిల్లల పిల్లలూ అక్కడే మేసి పెరిగాయి. రిపెకా పెళ్ళయ్యాక ఆ గడ్డినేల అంచునే ఇల్లు వేసుకుంది. మా ఆడవాళ్ళ ఆచారంగా గడ్డం మీద పచ్చబొట్టు వేయించుకున్న రోజునే, నొప్పి తగ్గకముందే, ఒక పొగరుబోతు గుర్రాన్ని లొంగదీసిందని ఆమె తమ్ముడు తామతి చివరిదాకా చెప్పుకునేవాడు.

తర్వాత ఒక ఏడు తట్టు వచ్చింది. మొగుణ్ణీ ఇద్దరు పిల్లల్నీ పదకొండు రోజుల్లో తీసుకుపోయింది. ముగ్గురినీ ఊట పైనున్న మట్టిదిబ్బ మీద పాతిపెట్టారు. రిపెకా జుట్టు కోసేసుకుంది. మూడు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో నెల్లో ఒక ఆడగుర్రం ఈనలేక అవస్థ పడుతుంటే లేచి చేతులు కడుక్కుంది.

భూమి కోర్టు వచ్చింది ఆ తర్వాతే. వైపూనా పన్నెండు వందల ఎకరాలూ ఎవరివని కోర్టు అడిగింది. మావాళ్ళందరివీ అని పెద్దలు చెప్పారు. "అందరివీ" అన్న మాట రాసుకోవడానికి కాగితంలో చోటు లేదన్నారు. పది పేర్లు చెప్పమన్నారు. పెద్దలు తొమ్మిది పేర్లు చెప్పి, పదోది ఎవరిదని తగువులాడుకుని, చివరికి ఎవరికీ కోపం రాకుండా ఉంటుందని విధవరాలైన రిపెకా పేరు రాయించారు. ఈ మనిషి ఏం అడ్డం వస్తుందిలే అనుకున్నారు.

నాలుగేళ్ళు తిరిగేసరికి ఎల్డ్రిజ్ దొర వచ్చాడు. పొడుగ్గా, ఎర్రగా, పెద్ద గొంతుతో ఉంటాడు. ఇంగ్లండు నుంచి మేలుజాతి గుర్రాల్ని ఓడలో ఉయ్యాలలు కట్టి తెప్పించిన మనిషి. పందెపు గుర్రాలకి గట్టి ఎముక కావాలి, గట్టి ఎముకకి సున్నపు నీళ్ళు కావాలి. లోయంతా తిరిగి చూసి ఊట దగ్గర ఆగాడు. దోసిట్లో నీళ్ళు పట్టి తాగి, ఇంకోసారి తాగాడు.

ఆ పది పేర్లవాళ్ళనీ ఒక్కొక్కళ్ళనే పట్టుకున్నాడు. ఒకడు కోర్టు కోసం పట్నంలో ఆరువారాలు గుడారంలో పడి ఉండి, తిండికి లేక అమ్మాడు. ఒకామె కొడుకు వైద్యానికి అమ్మింది. ఇద్దరు తాగి అమ్మారు. ఒకడైతే పొరుగువాడి మీద కోపంతో అమ్మాడు. తొమ్మిదో సంతకం తామతిది.

ఆ సంగతి చెప్పడానికి తామతి తనే వచ్చాడు. రిపెకా గుమ్మంలో కూర్చుని పైపు తాగుతూ చిలగడదుంపలు ఏరుతోంది.

"అక్కా, దొర నాకు లాయంలో పెద్దపని ఇచ్చాడు."

"ఊరికే ఇచ్చాడా?"

తామతి నేల చూశాడు. "కాగితం మీద గీత గీశాను. అంతే. భూమి ఎక్కడికీ పోదు కదే, ఇక్కడే ఉంటుంది కదా. ఆ గుర్రాల్ని చూస్తే నువ్వే అంటావు. ఒక్కొక్కదాని మెడ..."

"ఒరేయ్ తామతీ" అంది రిపెకా, ఏరుతున్న దుంప కింద పెట్టకుండా. "ఆ దిబ్బ మీద నీ మేనల్లుళ్ళున్నారు. వాళ్ళకి చెప్పి వచ్చావా?"

తామతి రెండడుగులు వెనక్కి వేశాడు.

"చెప్పి రా. తర్వాత నా గుమ్మానికి రా."

అతను దిబ్బ ఎక్కలేకపోయాడు. ఏడాదిపాటు గుమ్మానికీ రాలేదు.

పదో సంతకం కోసం ఎల్డ్రిజ్ మొదట దుబాసిని పంపాడు, తర్వాత చర్చి పెద్దని, ఆ తర్వాత తనే వచ్చాడు. రిపెకా అతన్ని నిలబెట్టే మాట్లాడింది. మధ్యలో తర్జుమా చేసింది తామతి కూతురు హూరియా. మిషన్ బడిలో చదువుకున్న పిల్ల, అప్పటికే పెళ్ళయి చంకలో బిడ్డ ఉంది. నాన్నకీ అత్తకీ మాటలు లేకపోయినా ఆమె రోజూ వచ్చేది.

"నీ వాళ్ళ సమాధుల సంగతి నాకు తెలుసు" అన్నాడు దొర. "వాటి చుట్టూ మంచి చెక్కతో కంచె వేయిస్తాను. తెల్లరంగు కూడా కొట్టిస్తాను."

"చచ్చినవాళ్ళకి కంచె ఎందుకు దొరా? వాళ్ళెక్కడికీ పోరు. బతికున్నదాన్ని నేను. నేనూ పోను."

"పదింట తొమ్మిది వంతులు నావి. అది తెలుసా?"

"తెలుసు. పదో వంతు ఏ రాయి కిందుందో చూపించు. మిగతావి ఇప్పుడే తీసుకుపో."

హూరియా ఆ మాట ఇంగ్లీషులో చెప్పడానికి కాసేపు తటపటాయించింది. "చెప్పవే, భయమెందుకు? మాట నాది, నోరే కదా నీది" అంది రిపెకా.

ఎల్డ్రిజ్ కంచె వేయించాడు. సమాధులకి కాదు, ఊటకి. ఆమె ఇంటికీ నీళ్ళకీ మధ్యనుంచి మూడు వరసల ఇనపతీగె లాగించాడు. మర్నాడు పొద్దున్నే రిపెకా ఆ తీగెనంతా విప్పి, చక్కగా చుట్టలు చుట్టి, గుర్రం మీద వేసుకుని వెళ్ళి దొరగారి గేటు ముందు పెట్టి వచ్చింది. పనివాళ్ళు మళ్ళీ వేశారు. ఆమె మళ్ళీ చుట్టింది. పన్నెండు రోజులు అలాగే జరిగింది. పదమూడో రోజు పోలీసు వచ్చాడు.

"తీగె దొంగిలించావని ఫిర్యాదు వచ్చింది."

"దొంగిలిస్తే నా ఇంట్లో ఉండాలి కదయ్యా? వెళ్ళి ఆయన గేటు దగ్గర చూడు. ఒక్క మూర తగ్గిందేమో కొలుచుకోమను. నా పొలంలో ఎవరో పారేసుకున్న సామాను, మర్యాదగా ఇచ్చి వస్తున్నాను."

పోలీసు వెళ్ళి చూశాడు. చుట్టలన్నీ ఉన్నాయి, ఏ చుట్టకాచుట్ట నారతో కట్టి ఉంది. నవ్వు ఆపుకోలేక మీసం దువ్వుకుంటూ వెళ్ళిపోయాడు. కంచె పని ఆగింది. దొర గుర్రాలూ ఆమె గుర్రాలూ ఒకే ఊట దగ్గర నీళ్ళు తాగుతూ వచ్చాయి.

ఇది జరిగిన వసంతంలోనే, కొండపక్క చెట్లు పసుపుపచ్చగా పూసే రోజుల్లో, ఎల్డ్రిజ్ ఓడలో తెప్పించుకున్న గుర్రాల్లో మేలైనదానికి కాన్పు కష్టమైంది. పొద్దున మొదలై మిట్టమధ్యాహ్నమైనా పిల్ల రాలేదు. పట్నం నుంచి పశువైద్యుడు రావాలంటే ఒక రోజు. తామతి దొరతో ఒక్కమాట చెప్పి, జీను కూడా వేయకుండా గుర్రమెక్కి అక్క ఇంటికి వచ్చాడు. గుమ్మం అవతలే నిలబడ్డాడు.

"అక్కా, నన్ను తిట్టు. తర్వాత తిట్టు. ఆ తల్లి చచ్చిపోతోంది."

రిపెకా లేచింది. లాయంలో మోచేతి పైదాకా చేతికి కొవ్వు రాసుకుని, గుర్రం చెవిలో ఏదో గొణుగుతూ, లోపల మడతపడ్డ కాలిని వెతికి పట్టుకుంది. నొప్పి వచ్చినప్పుడు ఆగింది, నొప్పి తగ్గినప్పుడు తిప్పింది. గంట తర్వాత నల్లటి పిల్ల గడ్డి మీద జారిపడింది. దాని ముక్కులో గడ్డిపరక పెట్టి తుమ్మించి, తల్లి ముందుకు జరిపింది. తామతి ఏడుస్తున్నాడు. ఎల్డ్రిజ్ టోపీ తీసేశాడు.

"ఏం కావాలో అడుగు. ఏదైనా సరే" అన్నాడు.

"నీ తొమ్మిది వంతులు."

దొర మొహం ఎర్రబడింది. రిపెకా చేతులు కడుక్కుంటూ నవ్వింది. "ఏదైనా అన్నావు కదాని అడిగాను. పోనీలే. నేను వచ్చింది నీకోసం కాదు, ఆ తల్లికోసం."

దారిలో తామతి పక్కన నడిచాడు. దిబ్బ దగ్గరికి రాగానే ఆగాడు. రిపెకా ఆగకుండా ఇంటికి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడకపోయినా, అతను పైకి ఎక్కుతున్న చప్పుడు ఆమెకు వినబడుతూనే ఉంది. ఆ సాయంత్రం తామతి గుమ్మంలోకి వచ్చాడు. ఆమె అతని ముందు ఉడకబెట్టిన మలుగు చేపా దుంపలూ పెట్టింది.

మరో నాలుగేళ్ళకి ఎల్డ్రిజ్ కోర్టుకెక్కాడు. భూమిని పంచి ఆ పదో వంతు వేరు చేసి పారేయండి అన్నాడు. ఊటా, చదునూ తనకి. ఆమెకి లోయ వెనక కొండ మీద గాలి తప్ప ఏదీ నిలవని రాళ్ళనేల. పంపకం జడ్జి చేతిలో ఉంది. ఊట దగ్గర మొదటినుంచీ కాపురమున్నది తామేనని రిపెకా రుజువు చేసుకోవాలి. ఊరి పెద్దల్లో బతికున్నవాళ్ళు ఇద్దరే, ఇద్దరూ ఎప్పుడో సంతకాలు పెట్టినవాళ్ళే. వాళ్ళ మాట చెల్లదని దొర తరఫు లాయరు ముందే అన్నాడు.

విచారణకి పదిరోజుల ముందు తామతి పొంగిపోతూ వచ్చాడు. చేతిలో ఒక చిన్న అచ్చుపుస్తకం. ఏడాది వయసు గుర్రప్పిల్లల వేలం కోసం దొర వేయించినది.

"చూడవే అక్కా, నేను పెంచిన పిల్లలు! ప్రతిదానికీ తండ్రి పేరూ తల్లి పేరూ, తాతలవీ ముత్తాతలవీ పేర్లు. మనవాళ్ళ వంశాలు చెప్పినట్టే ఉంది."

"నీ పేరుందా?"

"నా పేరెందుకుంటుంది? నీ పేరుందని అన్నాడు లాయంలో ఒకడు."

రిపెకా పైపు నోట్లోంచి తీసింది. "హూరియా, చదువు."

హూరియా రెండో బిడ్డని తామతి ఒళ్ళో పడేసి మొదటిపేజీ చదివింది, చదువుతూనే మావోరీలో చెప్పింది. 'ఈ పిల్లలు పెరిగిన వైపూనా ఊట మహిమ ఈ జిల్లాలో తెలియనివారు లేరు. ఆ ఊట పక్కనే కాపురమున్న రిపెకా అనే మావోరీ స్త్రీ కుటుంబంవారు నలభై ఏళ్ళకు పైగా ఎడతెగకుండా ఆ గడ్డినేల మీద గుర్రాలు పెంచుతున్నారు. ఆ నీళ్ళు తాగిన ఒక్క గుర్రానికైనా కాలు విరిగిందని మేం వినలేదు...'



"మళ్ళీ చదువు" అంది రిపెకా. హూరియా మళ్ళీ చదివింది.

"నలభై ఏళ్ళకు పైగా అన్నాడా? ఎడతెగకుండా అన్నాడా?"

"అన్నాడత్తా. అచ్చులో ఉంది."

అప్పుడు రిపెకా తమ్ముడి వైపు తిరిగింది. "ఈ పుస్తకం దొర వేయించిందేనని కోర్టులో ఎవరో ఒకరు నిలబడి చెప్పాలి."

తామతి మొహంలో సంబరం ఆరిపోయింది. పుస్తకం అట్ట నిమిరాడు. "ఆ పిల్లలు నా చేతుల మీద నడక నేర్చాయే" అన్నాడు. ఆమె బలవంతపెట్టలేదు.

కోర్టు పట్నంలో నాట్యాలు జరిగే పెద్ద హాల్లో పెట్టారు. వేలానికి వచ్చిన దొరలు సగంమంది వినోదం చూడటానికి వచ్చి వెనక బెంచీల మీద కూర్చున్నారు. ఎల్డ్రిజ్ లేచి ప్రమాణం చేసి చెప్పాడు: తాను వచ్చేనాటికి ఊట దగ్గర మనిషి అలికిడి లేదు, పొదలూ రెల్లూ తప్ప ఏమీ లేవు, ఈమె తర్వాతెప్పుడో వచ్చి గుడిసె వేసుకుంది, అప్పుడప్పుడు మలుగులు పట్టుకోవడానికి తప్ప మావోరీలు అటువైపు వచ్చేవారు కారు.

రిపెకా వంతు వచ్చింది. తాత పేరు దగ్గర మొదలుపెట్టి ఊట దగ్గర కట్టిన చేపల గట్లన్నిటి పేర్లూ, దుంపల మళ్ళ పేర్లూ, ఒక్కొక్క గుర్రం పేరూ చెప్పుకుంటూ పోయింది. లాయరు ఆవులించాడు. జడ్జి గడియారం చూశాడు.

"ఇవన్నీ నువ్వు చెబుతున్న మాటలే కదమ్మా. ఇంకెవరైనా చెప్పేవాళ్ళున్నారా?"

"ఉన్నారయ్యా. ఎల్డ్రిజ్ దొర ఉన్నారు."

హూరియా లేచి పుస్తకం చదివింది. మిషన్ బడిలో పద్యం అప్పజెప్పినట్టు ప్రతి మాటా విడివిడిగా చదివింది. వెనక బెంచీల మీద గుసగుసలు ఆగిపోయాయి. లాయరు ఒక్క దూకులో లేచాడు.

"ఆ కాగితం ఎక్కడిదో ఎవరికి తెలుసు? ఎక్కడో దొంగిలించి ఉంటారు."

తలుపు దగ్గర నిలబడి ఉన్న తామతి ముందుకు నడిచాడు. లాయంలో వేసుకునే చొక్కాతోనే ఉన్నాడు.

"దొంగిలించలేదండీ. దొరే పంచాడు లాయంలో. నాకు రెండిచ్చాడు. ఇంకోటి కూడా తెచ్చాను, కావాలంటే చూడండి." ఎల్డ్రిజ్ అతని వైపు కొరకొరా చూశాడు. తామతి ఆగలేదు. "అందులో రాసింది నిజమే. నేనూ అక్కడే పుట్టాను."

"అది వట్టి వ్యాపార ప్రకటన" అన్నాడు లాయరు. "గుర్రాలు అమ్మేవాళ్ళు నాలుగు మాటలు కలిపి రాసుకుంటారు. దాన్ని పట్టుకుని..."

"అయ్యా" అంది రిపెకా, జడ్జితో. "గుర్రాలు కొన్నవాళ్ళతో అబద్ధమాడాడా, ఇక్కడ దేవుడి పుస్తకం మీద చెయ్యి పెట్టి అబద్ధమాడాడా? ఏదో ఒకటి ఆయన్నే తేల్చమనండి. నాకేదైనా ఫరవాలేదు."

హూరియా ఈసారి తటపటాయించలేదు. మాట ఇంగ్లీషులో పడగానే వెనక బెంచీలో ఒక లావుపాటి దొర లేచి నిలబడ్డాడు. "నాకు ఫరవా ఉంది ఎల్డ్రిజ్! నిన్న రెండు పిల్లల్ని కొన్నాను. ఆ నీళ్ళ సంగతి నిజమా కాదా?" హాలంతా గొల్లుమంది. జడ్జి బల్ల గుద్దాడు. ఎల్డ్రిజ్ చాలాసేపు టోపీ అంచు చూసుకున్నాడు. చివరికి, పుస్తకంలో రాసింది నిజమేనన్నాడు.

తీర్పు మర్నాడు వచ్చింది. ఊటా, దిబ్బా, వాటి చుట్టూ డెబ్బై ఎకరాలూ రిపెకాకి. మిగిలినదంతా ఎల్డ్రిజ్‌కి.

"డెబ్బయ్యా? పన్నెండు వందల్లో పదో వంతు నూట ఇరవై. నాకు ఇంగ్లీషు రాదు గాని లెక్క వచ్చు."

చదునునేల విలువ ఎక్కువ కాబట్టి ఎకరాలు తగ్గాయన్నాడు జడ్జి. ఆమె ఒక గంట వాదించింది. బయటికి పంపించేదాకా వాదించింది. మెట్ల మీద మావాళ్ళు ఆమెను కౌగిలించుకోబోతే విదిలించుకుంది. "ఏం గెలిచానని? నా వంతులో యాభై ఎకరాలు పోయాయి" అని కసిరింది. అమ్ముకున్న తొమ్మిదిమందిలో తామతి కాక మిగిలిన ఇద్దరూ అక్కడే నిలబడి ఉన్నారు. వాళ్ళ మొహాలు చూసి, కాసేపటికి గొంతు తగ్గించుకుంది. "మీ గుర్రాల్ని కూడా తోలుకురండి. గడ్డి చాలినంత కాలం చాలుతుంది."

తామతి పని ఆ రోజే పోయింది. మూట సర్దుకుని లాయంలోంచి వస్తుంటే ఒక్కొక్క పిల్లా తలుపు మీద నుంచి మెడ చాచిందట. అతను వెనక్కి చూడలేదట. వచ్చి అక్క ఇంటి వెనక చిన్న ఇల్లు వేసుకున్నాడు. ఇద్దరూ కలిసి కొండగుర్రాల్ని పెంచారు. పొట్టిగా, గట్టిగా, రాళ్ళల్లో కాలు తప్పనివి. గొర్రెల కాపరులు ఇరవై మైళ్ళ నుంచి వచ్చి కొనుక్కుపోయేవారు. ఏ పిల్లని ఉంచుకోవాలి, ఏది అమ్మాలి అని అక్కాతమ్ముళ్ళు రోజూ పోట్లాడుకునేవారు.

కోర్టు భూమి ఇచ్చింది గాని బాట ఇవ్వలేదు. నాలుగు వైపులా ఎల్డ్రిజ్ పొలమే. ఈసారి కంచె చట్టప్రకారం వేసింది. రిపెకా వాగులోంచి గుర్రాల్ని నడిపించింది. వాగు ఎవరి పేరా రాసి లేదు. చలికాలం మోకాలి లోతు మంచునీళ్ళలో రెండు మైళ్ళు, రెండేళ్ళు అలాగే తిరిగారు.

మూడో వేసవి వాన పడలేదు. వాగు ఎండింది, దొర తవ్వించిన బావులు ఎండాయి. ఊట మాత్రం పారుతూనే ఉంది. మాకు నడివేసవి అయిన జనవరిలో ఒక మధ్యాహ్నం ఎల్డ్రిజ్ ముప్ఫై ఆడగుర్రాల్ని వెంటబెట్టుకుని కంచె దగ్గరికి వచ్చాడు. వాటి డొక్కలు లోపలికి పోయాయి. కొన్నిటి పక్కన పిల్లలున్నాయి. తామతి వాటిని గుర్తుపట్టి ఒక్కొక్కదాన్నీ పేరుపెట్టి పిలుస్తూ పరుగెత్తాడు.

రిపెకా తనే వెళ్ళి గేటు తీసింది. గుర్రాలన్నీ ఆమెను తోసుకుంటూ నీళ్ళవైపు పోయాయి. వాటి వెనక ఎల్డ్రిజ్ అడుగు వేయబోతే గేటు మూసింది.

"గుర్రాలు రావచ్చు. నువ్వు అక్కడే ఉండు."

"నీళ్ళకి ఏం కావాలి?" అన్నాడు అతను, ఎండిన పెదాలతో.

"నీళ్ళు నేను అమ్మను. గుర్రాల నోటిముందు బేరమాడటం మాకు రాదు. వానలు పడేదాకా రోజూ తోలుకురా. అది వేరు." గేటు మీద మోచేతులు ఆనించింది. "ఇప్పుడు బాట సంగతి మాట్లాడదాం. నా గేటు నుంచి పెద్దరోడ్డు దాకా. రెండు బళ్ళు పక్కపక్కన పట్టాలి."

"ఇవ్వనంటే?"

"అనుకో. రేపు కూడా గేటు తీస్తాను. నువ్వు రోజూ ఇలాగే ఎండలో నిలబడి, మేం వాగులోంచి నడవడం చూస్తూ ఉంటావు."

అతను ఆరు రోజులు నిలబడ్డాడు. ఏడో రోజు కాగితం తెచ్చాడు. హూరియా రెండుసార్లు చదివింది. దొర సంతకం చేశాక రిపెకా దాన్ని ఆరబెట్టి, తన గుర్తు పెట్టింది. ఆమె జీవితం మొత్తంలో భూమి కాగితం మీద పెట్టిన గుర్తు అదొక్కటే.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళు బతికింది. ఒక చలికాలం, డెబ్బై దాటాక, నాలుగురోజుల జ్వరంతో పోయింది. మా ఆచారం ప్రకారం పాతిపెట్టేలోపు మూడు రోజులు జనం వస్తూనే ఉన్నారు. మూడో రోజు మధ్యాహ్నం ముసలి ఎల్డ్రిజ్ వచ్చి బాట చివర టోపీ తీసి నిలబడ్డాడు. లోపలికి రావాలో వద్దో తెలియలేదు. ఆడవాళ్ళు ఏ అతిథినైనా పిలిచినట్టే ఏడుపు పాటతో పిలిచారు. వచ్చి శవం ముందు కూర్చున్నాడు.

అప్పుడు తామతి లేచాడు. చావింట ప్రసంగం చేసే పెద్దలా కర్ర ఊపుతూ అటూ ఇటూ నడుస్తూ దొర మొహం మీదే అన్నాడు:

"వచ్చావా దొరా! రా! పదకొండు వందల ముప్ఫై ఎకరాలు మింగినవాడా, మా అక్క మాత్రం నీ గొంతులో దిగలేదు! ఆమె నీ గుర్రాలకి నీళ్ళు పెట్టింది, నువ్వు ఆమెకి తీగె కట్టావు. ఇదిగో, ఇప్పుడు పడుకుని ఉంది. ఇప్పుడడుగు సంతకం! అడుగు!"

పక్కన కూర్చున్న హూరియా ఒక్క మాట వదలకుండా అతని చెవిలో ఇంగ్లీషులో చెప్పింది. ఎల్డ్రిజ్ తల వంచుకుని అంతా విన్నాడు. తామతి మాట్లాడటం అయిపోయాక దగ్గరికి వచ్చి, పలకరించే మా పద్ధతిలో అతని ముక్కుకి ముక్కు ఆనించాడు. ఇద్దరు ముసలాళ్ళూ చాలాసేపు అలాగే ఉండిపోయారు.

తర్వాత అందరితోపాటు అతనికీ బల్ల దగ్గర చోటిచ్చారు. పంది మాంసం, ఆకుకూర, దుంపలు వడ్డించారు. పెట్టినదంతా తిన్నాడు. రిపెకాని అదే సాయంత్రం దిబ్బ మీద, పిల్లల పక్కన పెట్టారు. డెబ్బై ఎకరాలూ హూరియా పేరా, ఆమె తోబుట్టువుల పేరా ఎక్కాయి. ఎల్డ్రిజ్ పోయాక అతని కొడుకులు గుర్రాల్నీ భూమినీ ముక్కలుగా వేలం వేసి పట్నం వెళ్ళిపోయారు. ఆ వేలంలో తామతి మనవళ్ళు కొండ వెనక రాళ్ళనేల నలభై ఎకరాలు కొన్నారు. అది దేనికీ పనికిరాదని అందరూ నవ్వారు. ఇప్పుడు అక్కడ వాళ్ళ గుర్రాలు మేస్తున్నాయి.